బెంగళూరులో పెద్దవాళ్ల కోసం పనిచేసే సోషల్ వర్కర్ ఉద్యోగాలు: వృద్ధాశ్రమమా, హాస్పిటలా, ఫీల్డా, కంపెనీయా?

ఈ మధ్య అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో మాస్టర్స్ డిగ్రీ) అయిపోయి బెంగళూరు వచ్చే పిల్లలు చానా మంది కనిపిస్తున్నారు, అందులో పెద్దవాళ్ల కేర్ వైపు వచ్చేవాళ్లూ బాగానే ఉన్నారు, ఇక్కడ ఆ పని దొరుకుతుంది కాబట్టి. వాళ్లు అడిగేది దాదాపు ఒకటే మాట, "అక్కా, రెండు ఆఫర్లున్నాయి, ఒకదాంట్లో మూడు వేలు ఎక్కువ ఇస్తామంటున్నారు, దాంట్లో చేరిపోనా?" అని. జీతం చూడొద్దని నేను చెప్పను, పీజీ హాస్టల్‌కి కట్టాలి, ఇంటికి పంపాలి, అది అందరికీ ఉన్న బాధే. కానీ నేను చూసినంతవరకు ఏడాది తిరక్కుండా మానేసినవాళ్లలో జీతం చాలక వెళ్లినవాళ్ల కన్నా ఒళ్లూ మనసూ అలిసిపోయి వెళ్లినవాళ్లే ఎక్కువ. అందుకే మూడు సంగతులు ముందు కనుక్కోమంటాను. మీ ఒక్కరి మీద ఎంతమంది పెద్దవాళ్లుంటారు, సాయంత్రం దాటాక ఫోన్ మోగితే ఎవరు ఎత్తాలి, గట్టి కేసు వచ్చినప్పుడు మీ వెనక ఎవరు నిలబడతారు. జీతం ఆ తర్వాత.

వృద్ధాశ్రమాలతో మొదలుపెడతాను, ఎందుకంటే కొత్తవాళ్లకు తొందరగా దొరికేది అదే. ఇందులో రెండు రకాలు, దిక్కులేనివాళ్లను రోడ్డు మీద నుంచి, బస్టాండ్ నుంచి తెచ్చి ఉచితంగా చూసేవి కొన్ని, నెలనెలా పిల్లల దగ్గర డబ్బు కట్టించుకునేవి కొన్ని. ఉచితంగా నడిచేవాటిలో కొన్నింటికి కేంద్ర ప్రభుత్వ గ్రాంట్ వస్తుంది, ఒక హోమ్‌కి కనీసం 25 మంది అని ఆ స్కీమ్ లెక్క, మిగతావి దాతల మీదే నడుస్తాయి. పని ఎట్లా ఉంటుందంటే, అపాయింట్‌మెంట్ లెటర్ మీద సోషల్ వర్కర్ అనే ఉంటుంది, పొద్దున మీరు గేటు దాటి లోపలికి వెళ్లేసరికి రాత్రి డ్యూటీ ఆయా చెప్పకుండా వెళ్లిపోయి ఉంటుంది, పగలు రావాల్సిన ఆమె ఇంకా రాదు, మంచం మీదున్న తాతకు డయపర్ మార్చాలి, పక్క మంచం అవ్వకు ఇడ్లీని సాంబార్లో మెత్తగా నలిపి స్పూన్‌తో పెట్టాలి, మందుల డబ్బాలో మంగళవారం గడి ఖాళీగా ఉందా అసలు నింపలేదా అని రిజిస్టర్ వెతకాలి, ఈలోగా పదింటికి ఎవరిదో పుట్టినరోజని భోజనం పెట్టడానికి డోనర్లు వస్తారు, వాళ్లకు కుర్చీలేసి ఫోటోలు తీసి గ్రూప్‌లో పెట్టాలి. సాయంత్రానికి మీరు రాయాల్సిన కేసు ఫైల్ ఒక్కటి కూడా తెరిచి ఉండదు. ఆ తాత కొడుకు నంబర్ కనుక్కోవడం, పెన్షన్ ఎందుకు ఆగిందో చూడటం, కొత్తగా వచ్చిన అవ్వ రాత్రిళ్లు ఎందుకు ఏడుస్తోందో కూర్చుని వినడం, మీరు చదువుకుని వచ్చిన పని అదీ, అదంతా రేపటికి పోతుంది.

ఒకరోజు ఆయా రాకపోతే మనం చేయి వేయకుండా ఉండం, ఉండకూడదు కూడా. రోజూ అదే జరుగుతుంటే మాత్రం అక్కడ కేర్‌టేకర్లను సరిపడా పెట్టుకోలేదని అర్థం, ఆ లోటు మీతో పూడుస్తున్నారు. ఇంటర్వ్యూలో నేరుగా అడగండి, ఎంతమంది పెద్దవాళ్లు, అందులో మంచం దిగలేనివాళ్లు ఎంతమంది, రాత్రికి ఎంతమంది ఆయాలు. మంచం మీదున్నవాళ్లు ఎక్కువుండి రాత్రికి ఒక్క ఆయానే అంటే ఆ భారం పొద్దున మీ నెత్తినే పడుతుంది. ఇంకోటి, మనుషుల్ని ఎత్తడం నేర్పించకుండా ఎత్తమంటారు, ఆర్నెల్లకే నడుం పట్టేసినవాళ్లను చూశాను, ఇరవై ఆరేళ్ల పిల్ల బెల్ట్ పెట్టుకుని తిరుగుతుంటే చూడటానికే కష్టంగా ఉంటుంది. రోడ్డు మీద నుంచి తెచ్చినవాళ్లుండే హోమ్ అయితే గజ్జి, టీబీ రెండూ గుర్తుపెట్టుకోండి, కొత్తగా వచ్చినవాళ్లకు కఫం పరీక్ష చేయిస్తారా, గ్లౌజులు, మాస్కులు ఎప్పుడూ ఉంటాయా, స్టాఫ్‌కి హెపటైటిస్ బి టీకా వేయిస్తారా అని అడగండి, అది మూడు డోసులు, పూర్తవడానికి ఆర్నెల్లు పడుతుంది కాబట్టి చేరిన వారమే మొదలుపెట్టించుకోవాలి.

రూమ్, తిండి ఫ్రీ అంటారు, బెంగళూరు అద్దెలకు అది చానా ఆశగా అనిపిస్తుంది. కానీ లోపలే ఉండే మనిషిని రాత్రి రెండింటికి తలుపు కొట్టి లేపడం తేలిక, వారం సెలవు రోజు కూడా "ఉన్నావు కదమ్మా కాస్త చూడు" అంటారు. రూమ్ తీసుకుంటే సెలవు రోజు క్యాంపస్ దాటి వెళ్లిపోయే అలవాటు మొదటి వారం నుంచే పెట్టుకోండి. ఇంత చెప్పినా ఆశ్రమంలో దొరికేది ఇంకెక్కడా దొరకదు, ఒకే మనిషిని నెలల తరబడి దగ్గరగా చూస్తారు, మతిమరుపు ఎట్లా ముదురుతుందో, మాట్లాడని తాత ఏ రోజు ఎందుకు నోరు విప్పాడో అక్కడే తెలుస్తుంది. మంచి సూపరింటెండెంట్ ఉన్న చిన్న హోమ్ దొరికితే నేను వద్దనను.

హాస్పిటల్ వేరే లోకం. అక్కడ నర్సు పని నర్సుది, ఆయా పని ఆయాది, మీ పని మీది, డ్యూటీ టైమ్ రాసిపెట్టి ఉంటుంది, జబ్బు చేస్తే చూసేవాళ్లుంటారు, సందేహమొస్తే అడగడానికి సీనియర్ ఉంటారు. మెడికల్ సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ అని విడిగా ఉన్న పెద్ద మిషన్ హాస్పిటళ్లు, మెడికల్ కాలేజీ హాస్పిటళ్లు అయితే నేర్చుకోవడానికి వాటిని మించినవి లేవు. ఆంధ్రా నుంచి వచ్చిన పేషెంట్లు వార్డులో మన మాట వినపడగానే చెయ్యి పట్టుకుంటారు, డాక్టర్ చెప్పింది అర్థం కాక మూడు రోజులుగా ఎవర్నీ అడగలేక కూర్చున్న మనిషికి మీరు పావుగంటలో చెప్పి ధైర్యమిస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, మేనేజ్‌మెంట్‌ని బట్టి ఈ పని మెల్లగా బిల్లుల వైపు జరిగిపోతుంది. కన్సెషన్ ఫారాలు, స్కీమ్ కాగితాలు, ఆపైన బెడ్ ఖాళీ చేయించడం. ఎనభై ఏళ్ల మనిషిని అడ్మిట్ చేసి ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకున్న కొడుకుని పట్టుకోవడం మీ పనే అవుతుంది, దొరక్కపోతే ఇంకా ఎందుకు డిశ్చార్జ్ కాలేదని మిమ్మల్నే అడుగుతారు. కొన్ని ప్రైవేట్ హాస్పిటళ్లలో పోస్టు పేరే పేషెంట్ రిలేషన్స్ అని ఉంటుంది, అది సోషల్ వర్క్ ఎక్స్‌పీరియన్స్ కింద తర్వాత ఎవరూ లెక్కపెట్టరు, చూసి చేరండి.

హాస్పిటల్ లైన్లోనే పైకి వెళ్లాలనుకునేవాళ్లకు ఇక్కడి కేంద్ర మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో చదివే కోర్సు గురించి ఒక మాట. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్‌లో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎంఎస్‌డబ్ల్యూ మీద రెండేళ్ల ఎం.ఫిల్ చేసినవాళ్లని రాసి ఉంది, డిమెన్షియా (మతిమరుపు జబ్బు), డిప్రెషన్ ఉన్న పెద్దవాళ్లతో పనిచేయాలంటే ఆ చదువుకి విలువ ఎక్కువ. యూనివర్సిటీలను చూసే యూజీసీ ఎం.ఫిల్ డిగ్రీలనే ఆపేశాక ఈ కోర్సుకి మాత్రం ఇంకొన్నాళ్లు నడిపేందుకు విడిగా గడువు ఇచ్చారు కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్‌లో కోర్సు ఏ పేరుతో ఉందో చూసుకునే అప్లై చేయండి. 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టంలో మెడికల్ సోషల్ వర్కర్ల పేరు కూడా ఉంది, అంటే రేపు రిజిస్ట్రేషన్ అడిగే రోజు వస్తుంది, అప్పుడు హాస్పిటల్ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పనికొస్తుంది.

ఇక ఫీల్డ్. హెల్ప్‌లైన్లు, హోమ్ విజిట్లు, పిల్లలు చూసుకోని తల్లిదండ్రుల కోసం ట్రిబ్యునల్ కేసులు. దేశమంతటికీ 14567 ఎల్డర్‌లైన్ ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, బెంగళూరులో సిటీ పోలీసులతో కలిసి నైటింగేల్స్ మెడికల్ ట్రస్ట్ నడిపే 1090 కూడా ఉంది, ఇవి కాక స్లమ్‌లలో, పాత పేటల్లో పనిచేసే ఎన్‌జీవోలు ఉన్నాయి. మన చదువుకి అసలైన పని ఇక్కడే ఉందని నా నమ్మకం. ప్రమాదం ఎక్కువున్నదీ ఇక్కడే, అందుకే దీని గురించి ఎక్కువ చెప్తాను.

ఒక మామూలు విజిట్ ఎట్లా ఉంటుందో చూడండి. మారతహళ్లి దగ్గర సందులో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, పక్కింటివాళ్లు ఫోన్ చేసి చెప్పిన కేసు. కొడుకు తలుపు సగమే తీస్తాడు, "ఎవరు పంపారు మిమ్మల్ని" అంటాడు. లోపల అవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంటుంది, మీరు తెలుగులో పలకరిస్తే కళ్లు తెరుస్తుంది, ఏమడిగినా ఆమె బదులు కొడుకే జవాబు చెప్తాడు, "బాగానే తింటోంది, ఏం ఇబ్బంది లేదు" అని. దుప్పటి జరిపి చూస్తే నడుం కింద అరచేయంత పుండు. అప్పుడు మీరు అరవకూడదు, కొడుకుతో గొడవపడకూడదు, మళ్లీ రానివ్వకపోతే నష్టం ఆమెకే. నీళ్లు అడిగి అతన్ని వంటింట్లోకి పంపి ఆ అర నిమిషంలో ఆమెను అడగాల్సింది అడగాలి, చూసింది గుర్తుపెట్టుకుని మెట్లు దిగాక నిలబడే నోట్ రాయాలి. ఇట్లాంటి ఇంటికి ఒక్క మనిషిని పంపే సంస్థలో చేరొద్దు. ఇద్దరు వెళ్లాలి, ఎక్కడికి వెళ్తున్నారో ఆఫీసులో ఒకరికి తెలిసుండాలి, అనుకున్న టైమ్‌కి ఫోన్ రాకపోతే వాళ్లే చేయాలి. ఆ పద్ధతి ఉందా అని అడిగితే జవాబు తడుముకోకుండా రావాలి. ఇంకోటి, లైంగిక వేధింపుల మీద 2013 చట్టంలో పని చేసే చోటు అంటే ఆఫీసు ఒక్కటే కాదు, పని మీద వెళ్లిన ఇల్లు, అందుకోసం సంస్థ ఇచ్చిన బండి కూడా అందులోకి వస్తాయి. పది మంది అంతకన్నా ఎక్కువ స్టాఫ్ ఉంటే ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి, చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లొచ్చు.

ఎవరూ పైకి చెప్పని కష్టం ఒకటుంది. ఫీల్డ్‌లో తిరిగే అమ్మాయిలు పొద్దున బయల్దేరేటప్పుడే నీళ్లు తక్కువ తాగుతారు, రోజంతా బాత్‌రూమ్ ఎక్కడ దొరుకుతుందో తెలీక. ఎండాకాలంలో యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో మంచాన పడతారు. మధ్యాహ్నం ఆగడానికి ఆ ఏరియాలో ఒక చోటు, ఒక క్లినిక్కో అంగన్‌వాడీయో చర్చి హాలో, మాట్లాడి పెట్టిన సంస్థలు ఉన్నాయి, అట్లాంటిది కనిపిస్తే అక్కడ పైవాళ్లు కూడా ఫీల్డ్ చేసినవాళ్లే అని అర్థం చేసుకోవచ్చు.

ట్రిబ్యునల్ పని గురించి కూడా చెప్పాలి. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ మీద వచ్చిన 2007 చట్టం ప్రకారం తల్లిదండ్రులు పిల్లల నుంచి మెయింటెనెన్స్, అంటే నెలనెలా ఖర్చులకు డబ్బు, అడగొచ్చు, నెలకు 10,000 దాకా, పిటిషన్ 90 రోజుల్లో తేల్చాలని ఉంది, చూసుకుంటామని షరతు పెట్టి రాయించుకున్న ఆస్తిని చూసుకోకపోతే వెనక్కి తెచ్చే సెక్షన్ 23 కూడా అందులోనే ఉంది. ఆచరణలో కేజీ రోడ్డు కందాయ భవన్‌లో అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసు బయట బెంచీ మీద మోకాళ్ల నొప్పులున్న తాతతో గంటలు కూర్చుంటారు, వాయిదా పడితే మళ్లీ వస్తారు. అవతలివాళ్లు ఆస్తి పోతుందన్న కోపంలో మిమ్మల్ని పేరు పెట్టి బెదిరిస్తారు. అప్పుడు సంస్థ లెటర్‌హెడ్ మీద, సంస్థ పేరుతో నిలబడతారా, "అది ఆమె పర్సనల్‌గా చేసింది" అని చేతులు దులుపుకుంటారా, ఇది చేరకముందే తెలుసుకోవాలి. అక్కడ ఇప్పటికే పనిచేసేవాళ్లను టీ దగ్గర అడిగితే చెప్తారు.

బస్సు ఖర్చు చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్లకు ఆర్డినరీ బస్సు ఫ్రీ, అయితే చూపించే ఆధార్ లాంటి గవర్నమెంట్ కార్డులో కర్ణాటక అడ్రస్ ఉండాలి, అనంతపురం ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టాల్సిందే. యలహంక నుంచి బొమ్మసంద్ర దాకా ఒకే మనిషికి కేసులిచ్చి ట్రావెల్ అలవెన్స్ జీతంలోనే ఉందంటే, ఆ జీతంలో రెండు వేలు తీసేసి చూసుకోండి.

సీనియర్ లివింగ్ కంపెనీలు, హోమ్ కేర్ కంపెనీలు ఈ పదేళ్లలో బాగా పెరిగాయి, వైట్‌ఫీల్డ్, దేవనహళ్లి వైపు అంతా అవే బోర్డులు. కేర్ మేనేజర్, ఎంగేజ్‌మెంట్ ఎగ్జిక్యూటివ్ అని రకరకాల పేర్లు పెడతారు. నాలుగింటిలో జీతం సాధారణంగా ఎక్కువ ఇక్కడే, పీఎఫ్ కడతారు, శుభ్రమైన ఆఫీసు ఉంటుంది, పెద్దవాళ్లు చదువుకున్నవాళ్లు, మర్యాదగా ఉంటారు. చూసుకోవాల్సినవి రెండు. ఒకటి టార్గెట్. ఇంట్లో డాడీకి ఫిజియోథెరపీ ప్యాకేజీ, మమ్మీకి డైట్ ప్యాకేజీ అమ్మమని నెలాఖర్లో ఒత్తిడి చేస్తే, ఒంటరితనం గురించి మీతో చెప్పుకున్న మనిషికే మీరు ప్యాకేజీ అమ్మాల్సి వస్తుంది, అది ఎంత మంచి మనిషినైనా లోపల తినేస్తుంది. జాబ్ డిస్క్రిప్షన్‌లో రెవెన్యూ అన్న మాట ఉందేమో వెతకండి. రెండోది ఫోన్. పిల్లలు అమెరికాలో ఉంటారు, వాళ్లకు పగలైనప్పుడు మనకు అర్ధరాత్రి, "అమ్మ ఫోన్ ఎత్తట్లేదు, ఒకసారి చూసి చెప్తారా" అని మెసేజ్. ఆ కొడుకు భయం నిజమే, అతన్ని తప్పుపట్టలేం, కానీ రాత్రి డ్యూటీకి వేరే మనిషి లేకపోతే ఆ భయమంతా మీ ఒక్కరి ఫోన్‌లోకి వస్తుంది. మనిషి పోయినప్పుడు ఫ్రీజర్ బాక్స్ తెప్పించడం, డెత్ సర్టిఫికెట్, విల్సన్ గార్డెన్ కరెంట్ శ్మశానంలో టైమ్ తీసుకోవడం, వీడియో కాల్ పట్టుకుని నిలబడటం అన్నీ మీరే చేస్తారు, నిన్నటిదాకా మీతో క్యారమ్స్ ఆడిన తాతకు. మర్నాడు సెలవిస్తారా అని అడగండి. ఈ ప్రశ్న ఆశ్రమంలోనూ అడగొచ్చు.

ప్రభుత్వ ప్రోగ్రాముల్లో కాంట్రాక్టు పోస్టులు కూడా పడుతుంటాయి, ఏజెన్సీ ద్వారా తీసుకుంటారు, జీతం ఆలస్యమవుతుంది, ఏటా రెన్యువల్. గవర్నమెంట్ పరీక్షలకు చదువుకుంటూ రెండేళ్లు ఉండాలనుకునేవాళ్లకు ఫర్వాలేదు, అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

డబ్బు లెక్క ఇప్పుడు చూద్దాం. ఆఫర్‌లో సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) 25,000 అని రాసి బేసిక్ 15,000 ఉందనుకోండి, కంపెనీ కట్టే పీఎఫ్ 1,800 అందులోనే కలిపి ఉంటుంది, మీ వంతు ఇంకో 1,800 కోస్తారు, చేతికి 21,400, గ్రాట్యుటీ కూడా కలిపి చూపిస్తే ఇంకా తగ్గుతుంది. అదే ఈఎస్ఐ వైద్య బీమా ఉన్న ఎన్‌జీవోలో గ్రాస్, అంటే కోతలకు ముందు జీతం, 20,500 అనుకోండి, 21,000 లోపు కాబట్టి ఈఎస్ఐ వర్తిస్తుంది, మీ వంతు 0.75 శాతమే, అంటే నూట యాభై చిల్లర, దానికి మీ మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకు కూడా వైద్యం వస్తుంది, ఇక్కడ రాజాజీనగర్‌లో, ఇందిరానగర్‌లో ఈఎస్ఐ హాస్పిటళ్లు ఉన్నాయి. ఇంట్లో షుగర్, బీపీ ఉన్న నాన్న ఉంటే ఆ రెండో ఉద్యోగమే నయం కావచ్చు. కన్సల్టెంట్ అని పెట్టి 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఇన్‌కమ్ ట్యాక్స్) కోసి మిగతాది చేతిలో పెట్టే ఆఫర్లలో పీఎఫ్, ఈఎస్ఐ, ప్రసూతి సెలవు ఏవీ ఉండవు, ఆ టీడీఎస్ వెనక్కి రావాలన్నా రిటర్న్ వేసుకోవాలి. పెళ్లయి పిల్లల గురించి ఆలోచిస్తున్న అమ్మాయిలు ఈ కన్సల్టెంట్ లెటర్ మీద సంతకం పెట్టే ముందు బాగా ఆలోచించండి.

ఎన్‌జీవో అయితే డబ్బు ఎక్కడ నుంచి వస్తుందో అడగడం తప్పు కాదు. సీఎస్ఆర్ (కంపెనీలు సేవకు ఇచ్చే నిధులు) ప్రాజెక్టు అయితే మార్చి 31 తర్వాత కొనసాగుతుందా, ఎన్నేళ్లకు సంతకం అయింది అని అడగండి, చాలా ఉద్యోగాలు ఏప్రిల్‌లో పోయేది అందుకే. విదేశీ విరాళాల చట్టంలో 2020 సవరణతో అడ్మినిస్ట్రేషన్ ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది, అప్పటి నుంచి ఆఫీసు స్టాఫ్‌ని తగ్గించి ఆ రిపోర్టుల పని కూడా ఫీల్డ్‌వాళ్ల మీద వేసిన చోట్లున్నాయి. "రిపోర్టింగ్ ఎవరు రాస్తారు" అన్న ఒక్క ప్రశ్నకు సగం సంగతి బయటపడుతుంది.

నన్ను అడిగితే, కొత్తగా చదువు అయినవాళ్లు మొదటి రెండేళ్లు సీనియర్ ఉన్న హాస్పిటల్ డిపార్ట్‌మెంట్‌లోనో, జంటగా పంపే ఫీల్డ్ టీమ్‌లోనో ఉండండి, రెండూ వస్తే ఫీల్డ్ వైపే నా మొగ్గు, అక్కడ నేర్చుకున్నది ఎక్కడైనా పనికొస్తుంది. చిన్న పిల్లలున్న తల్లులకు హాస్పిటల్ టైమింగ్సే కుదురుతాయి. ఇంటి అప్పులున్నవాళ్లు కంపెనీకి వెళ్లండి, అందులో తప్పేం లేదు, రాత్రి ఫోన్ సంగతి మాత్రం లెటర్‌లో రాయించుకోండి. ఆశ్రమం, ఇంకో సోషల్ వర్కరో కౌన్సెలరో తోడున్నప్పుడే. నలభై, యాభై మంది పెద్దవాళ్లకు మీరొక్కరే అంటే, ఎంత మంచి మనసున్న సంస్థ అయినా వద్దంటాను.

కన్నడ నేర్చుకోండి, మాట్లాడటంతో సరిపోదు, చదవడం, రాయడం కూడా. ట్రిబ్యునల్ కాగితాలు, పోలీస్ స్టేషన్ కాగితాలు కన్నడలోనే ఉంటాయి, అది వస్తే మీరు జీతం అడిగే గొంతే మారుతుంది. మన తెలుగు కూడా ఇక్కడ ఊరికే పోదు, యలహంక, కేఆర్ పురం వైపు పాతకాలం నుంచి తెలుగు ఇళ్లున్నాయి, కొత్తగా కొడుకుల దగ్గరికి వచ్చి పదో అంతస్తులో మాట్లాడే దిక్కు లేకుండా ఉన్న అమ్మానాన్నలు బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ అంతా ఉన్నారు, ఇంటర్వ్యూలో ఈ మాట మీరే ఎత్తండి.

చేరే ముందు ఒకసారి మధ్యాహ్నం భోజనం వేళ చెప్పకుండా వెళ్లి చూడండి, ఆ టైమ్‌లో ఎంతమంది స్టాఫ్ ఉన్నారో, వాళ్లు కూర్చుని తింటున్నారో నిలబడి తింటున్నారో కనపడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దు, చూపించి జిరాక్స్ ఇచ్చి వెనక్కి తెచ్చుకోండి, బాండ్ అంటే ఎన్ని నెలలు, మానేస్తే ఎంత కట్టాలో చదివే సంతకం పెట్టండి, 11 నెలల కాంట్రాక్టు అయితే ప్రతిసారీ రిలీవింగ్ లెటర్ తీసుకోండి, మీ పోస్టు పేరు సోషల్ వర్కర్ అని అందులో ఉండేలా అడిగి మరీ రాయించుకోండి.